చెయ్యి తీయండి వదినా

చెయ్యి తీయండి వదినా. ఇందాక తీశారుగా, ఇంతలోకే ఏమొచ్చింది? ముఖం ఫోటో తీద్దామని కూర్చోబెడితే నాకు కనిపిస్తున్నదల్లా మీ నాలుగు వేళ్లూ, ఆ ఉంగరమూ. చూసినవాళ్లు ఉంగరాల కొట్టు ప్రకటన అనుకుంటారు.

తల అడ్డంగా ఊపకండి. మీరు ఊపుతారు, జుట్టు చెదురుతుంది, సర్దడానికి మళ్లీ నేనే లేచి రావాలి. నా మోకాళ్ల సంగతి మీకు తెలియంది కాదు.

అయినా ఎవరున్నారని? స్టూడియో తలుపు గడియ పెట్టేశాను. మీ తమ్ముణ్ణి ఆల్బమ్ అట్టలు తెమ్మని బజారుకి తోలేశాను. ఆయన ఉంటే ఇంకేమన్నా ఉందా? 'అక్కా గడ్డం దించు, అక్కా గడ్డం ఎత్తు' అంటూ మీ మెడ పట్టేసేదాకా వదలరు. ఇక్కడున్నది మీరు, నేను, ఈ కెమెరా. కెమెరా అంటే మీకు కొత్తా? మామగారి స్టూడియోలో పుట్టి పెరిగినవారు. నేనే కదా కోడలిగా అడుగుపెట్టి ఏది లెన్సో ఏది మూతో అడిగి నేర్చుకున్నదాన్ని.

ఇదిగో, మాట మీద ఉండాలి మరి. బేరం పెట్టింది మీరే. నేను తీసిన ఫోటోలో మీరు మీలాగే కనిపిస్తే ఆదివారం మీ అమ్మాయి పెళ్లిలో బుల్లి పక్కన నిలబడతారు. లేదంటే వెనక వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు, ఒక్క ఫోటోలోనూ ఉండరు. ఇదే కదా మొన్న సైగ చేసి చెప్పారు? అన్నయ్యగారు దాన్ని 'మీ వదినకి కుర్చీ కావాలట, నడుం నొప్పి' అని అనువదించారనుకోండి, అది వేరే సంగతి. ఆయనకి ముప్పై ఏళ్లుగా మీరు మాట్లాడి చెప్పినవే అర్థం కాలేదు, ఇక సైగలేం అర్థమవుతాయి.

నవ్వొచ్చిందా? వచ్చింది. చేతి వెనకాల నవ్వారు, నాకు తెలుసు. కళ్లలో కనపడింది. చేత్తో మూతి మూస్తారు గానీ కళ్లని ఏం చేస్తారు?

సరేలెండి, చెయ్యి సంగతి తరవాత చూద్దాం. ఈ లోపల నా పని నన్ను చేసుకోనివ్వండి. ఊరికే వినండి. ఈ ఇంట్లో ఇప్పుడు నా మాట వినే మనిషి మీరొక్కరే, అదీ మధ్యలో అడ్డు తగలకుండా.

ముందు ఆ ఫోన్లో మీరు తీసుకున్న ఫోటోల సంగతి తేల్చాలి. చూశాను, బుల్లి చూపించింది. బాత్రూములో నిలబడి, నెత్తి మీద ట్యూబ్‌లైటు, చెయ్యి చాచినంత దూరంలో ఫోన్. అలా తీస్తే ఎవరికైనా ముక్కు బంగాళాదుంపంత అవుతుంది. పైనుంచి లైటు పడితే కళ్ల కింద గుంటలు పడతాయి, మూతి పక్కన గీతలు లోతుగా దిగుతాయి. వెనకాల బకెట్టు, మగ్గు, ఆరేసిన తువ్వాలు. ఆ అందంలో మిమ్మల్ని మీరు చూసుకుని 'ఇదీ నా ముఖం' అని తీర్మానించేశారు. పోలీసులు పట్టుకెళ్లిన దొంగని కూడా అంతకంటే మర్యాదగా తీస్తారు వదినా. నేను ఆ ట్యూబ్‌లైటు కింద తీసుకుంటే నన్ను నా కన్నతల్లే గుర్తుపట్టదు.

అసలు జరిగిందేమిటి? పోయిన నెల ఒక పొద్దున లేచేసరికి ఎడమవైపు మూతి జారింది, ఆ పక్క కన్ను మూతపడటం మానేసింది. అంతే కదా? డాక్టరేమన్నాడు, నరం వాచింది, మెల్లిగా సర్దుకుంటుంది, నెలలు పట్టినా కంగారుపడొద్దు అన్నాడు. మీరు కంగారుపడలేదు. అంతకంటే పెద్ద పని చేశారు, నోరే మూసేశారు. పెదాలు కలవక ప, బ, మ సరిగ్గా పలకటం లేదని, గాలి పోతోందని, మాటలే మానేసిన మనిషిని మిమ్మల్నే చూశాను.

ఒకటి చెప్పనా? చెప్పొద్దని మాట తీసుకుంది బుల్లి, అందుకే చెబుతున్నా. మొన్న మీరు వంటగదిలోంచి చప్పట్లు కొట్టి పిలిచారే దాన్ని. పేరు పెట్టి పిలవలేక. అది పరిగెత్తుకుంటూ వచ్చింది, అందుకోమన్న డబ్బా అందించింది, నవ్వింది కూడా. తరవాత నా గదిలోకొచ్చి మంచం మీద బోర్లాపడి ఏడ్చింది. 'అమ్మ ఎలా పిలిచినా పలుకుతాను కదత్తా, ఎందుకు పిలవదు' అని. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం కాసేపు ఏడ్చి, టీ తాగాం.

అలా చూడకండి. సరే, ఇక ఆ మాట ఎత్తను. పనిలో పడదాం.

వెనకాల ఏముందో చూశారా? అదే, ఏమీ లేదు. మామగారి జలపాతం బొమ్మ పరదా చుట్టి మూల పెట్టేశాను. ముఖం దగ్గరగా తీసేటప్పుడు ముఖం తప్ప ఇంకోటి మాట్లాడకూడదు. జలపాతం పెడితే చూసేవాళ్లు నీళ్లు చూస్తారా మిమ్మల్ని చూస్తారా? అందుకే ఆ బూడిదరంగు దుప్పటి కట్టాను. మీ తమ్ముడి దుప్పటే, రాత్రికి మళ్లీ కప్పుకోవాలి, నలపకండి. మిమ్మల్ని గోడకి అంటించకుండా ఇంత ముందుకి కూర్చోబెట్టింది కూడా ఊరికే కాదు. దూరంగా ఉంటే మీ నీడ దుప్పటి మీద పడదు, దుప్పటి ముడతలు కూడా మసకబారి మెత్తగా కనిపిస్తాయి. ఇందాక మీ తల వెనక ఆ మేకు కనిపించింది, కెమెరాలో చూస్తే నెత్తిన కొమ్ము మొలిచినట్టుంది. అందుకే స్టూలు జరిపించాను. మీరు నా మీద కళ్లెర్రజేశారు. కొమ్ముతో ఉంచేస్తే బాగుండేదేమో.

గోడ కేసి ఏం చూపిస్తున్నారు? ఆ, ఉన్నాయి, మీ అందరి ఫోటోలూ ఉన్నాయి. మామగారివి, మీవి, మీ తమ్ముడివి, బుల్లి బోర్లాపడ్డప్పటివి కూడా. నాది లేదంటారా? ఫోటో తీసేవాళ్లు ఫోటోలో ఎలా ఉంటారండీ. కెమెరా ఎవరు పట్టుకుంటారు మరి? ఆ సంగతి ఇప్పుడెందుకు.

వెలుతురు సంగతి చెప్పనివ్వండి. ఇక్కడే నేను పప్పులో కాలేసింది.

ఇందాక మీరు చెయ్యి ఎందుకు తీశారు? ఎడమపక్క చీకట్లో ఉంటుంది, ఏమీ కనపడదు అన్నాను గనక. కిటికీ వెలుగు మీ కుడి చెంప మీదే పడేట్టు తిప్పి, రెండో పక్క పూర్తిగా నీడలో వదిలేశాను. ఎంత బాగొచ్చిందో. సగం ముఖం వెలుగు, సగం నలుపు, మధ్యలో ముక్కు గీత గీసినట్టు. నా భుజం నేనే తట్టుకున్నా. పోటీకి పంపుదామా అని కూడా అనుకున్నా, మీకు చెప్పలేదు గానీ. మీరూ చూసి తలూపారు. బుల్లికి పంపితే అదేమని రాసిందో తెలుసా?

'బాగుందత్తా. అమ్మ మిగతా సగం ఏది?'

అంతే. గాలి తీసేసింది. మళ్లీ చూశాను వదినా ఆ ఫోటో. బాగుంది, ఎవరో గొప్పింటావిడలా ఉన్నారు. మీరు మాత్రం కాదు. దాక్కున్న మనిషిలా ఉన్నారు. దాక్కోబెట్టింది నేను. అదీ మీకోసం కాదేమో, మీ ఎడమ చెంప వైపు చూడటానికి నాకే ధైర్యం చాల్లేదేమో. మీరు ఈ ఇంట్లో నన్ను మొదటిరోజు నుంచీ పుట్టింటి మనిషిలా చూశారు. మీకేదన్నా అయితే చూడలేను నేను. అందుకే నీడ వేశాను. ఫోటోగ్రాఫరు చెయ్యాల్సిన పని కాదది.

అందుకని ఇప్పుడు తిరిగి మొదలుపెట్టాం. చూడండి, కిటికీకి తెల్ల పంచె కట్టాను, ఎండ వడగట్టినట్టు మెత్తగా వస్తోంది. మీరు కిటికీ కేసి కొంచెం తిరగండి, మొత్తం కాదు, ముక్కు నా వైపు ఉండాలి. ఊ, అలా. ఇక రెండో పక్కకి ఈ థర్మాకోల్ అట్ట. కిటికీ వెలుగు దీని మీద పడి మీ ఎడమ చెంపకి తిరిగొస్తుంది. ఫ్రిజ్జు కొన్నప్పుడు వచ్చిన అట్ట ఇది, మీ తమ్ముడు పారేయబోతే లాక్కుని దాచుకున్నా. కొంచెం దగ్గరికి తెస్తే చెంప వెలుగుతుంది, దూరం జరిపితే దిగులుగా ఉంటుంది. ఇదిగో, ఇలా. మీ కళ్లలో రెండు చిన్న కిటికీలు కనపడుతున్నాయి వదినా. అవి లేకపోతే కళ్లు రాతికళ్లలా ఉంటాయి.

కెమెరా దగ్గర ఎవరూ లేరేమని చూస్తున్నారా? స్టాండు మీద దాని మానాన అది ఉంది. నా రెండు చేతులూ ఈ అట్టకే సరిపోయాయి, ఇంకా తీయట్లేదు, సర్దుకుంటున్నాను. కెమెరాని మీ కళ్ల ఎత్తులో పెట్టాను, పైనుంచి తీస్తే జాలిగా ఉంటారు, కిందినుంచి తీస్తే హెడ్‌మిస్ట్రెస్‌లా ఉంటారు. దూరంగా పెట్టి పొడుగు లెన్సు వేశాను, ముక్కు ముక్కులా రావడానికి. నెత్తి మీద మరీ ఖాళీ వదలకూడదు, నూతిలో పడ్డట్టుంటుంది. కళ్లు సగానికి కొంచెం పైన రావాలి. ఫోటోని భుజాల కింద కోస్తే సరే గానీ, గడ్డం దగ్గర కోశామో, పీట మీద పెట్టిన తలకాయే. ఇవన్నీ మామగారు నాకు నేర్పినవి. మీరు నవ్వుకోకండి, మీకు చిన్నప్పుడే నేర్పి ఉంటారు.

అయిపోయింది వదినా. ఇక చెయ్యి తీసేయండి, లేవచ్చు.

తీయరా?

అంతేలెండి. మామగారి కూతురు దగ్గరా నేను మామగారి ఎత్తు వేసేది. ఎంతమందిని బోల్తా కొట్టించారు ఆయన ఈ ఒక్క మాటతో. ముందు ఉత్తుత్తి ఫ్లాష్ ఒకటి కొట్టడం, 'అయిపోయింది' అనడం, అవతలివాళ్లు హమ్మయ్య అని ఊపిరి వదిలి భుజాలు దించీ దించగానే అప్పుడు అసలు ఫోటో తీయడం. ఊళ్లో సగం మంది ముఖాలు ఆ 'అయిపోయింది'కి తరవాతివే. మీరు మాత్రం ఆ మాట వింటే ఇంకా బిగుసుకుంటారు. తెలిసినవాళ్లని ఫోటో తీయడమంత కష్టం ఇంకోటి లేదు.

సరే, ఓడిపోయాను. కాసేపు కూర్చుందాం. అట్ట మాత్రం పట్టుకునే ఉంటా, మళ్లీ ఎవరు సర్దుతారు.

మామగారంటే గుర్తొచ్చింది, ఆ బ్యాంకు మేనేజరు ఫోటో. బుల్లికి కాబోయే అత్తగారికి నిన్న చెప్పాను ఆ కథ, ఆవిడ పడీపడీ నవ్వింది. ఏం చెప్పానంటారా? ఉన్నదే చెప్పాను. మేనేజరు కోటు వేసుకుని, మీసం దువ్వుకుని, జలపాతం పరదా ముందు రాజాలా కూర్చున్నాడు. పరదా కింది కర్ర విరిగింది గనక అది ఊగకుండా వెనకాల నిలబడి పట్టుకోమని మీ తమ్ముణ్ణి...

ఏంటి?

మీ తమ్ముడే కదా వెనకాల ఉన్నది? ఆయనే చెప్పారు నాకు. బడి నుంచి వచ్చాను, బన్ను తింటున్నాను, నాన్న పిలిచి పరదా వెనక నిలబెట్టాడు అని. తీరా ఫోటో కడిగి చూస్తే, మేనేజరు చెవి పక్కన జలపాతంలోంచి ఒక చెయ్యి, ఆ చేతిలో సగం కొరికిన బన్ను. ఆ చెయ్యి మీ తమ్ముడిదే. బన్ను కూడా ఆయనే కొనుక్కున్నారట.

ఎందుకలా మండిపడుతున్నారు? మీదా? మీ చెయ్యా? ఏమో మరి, ఆయన ఒట్టేసి చెప్పారు. మీరు అప్పుడు ఇంట్లోనే లేరట, పిన్నిగారి ఊరెళ్లారట. బన్ను మీదా? చూపించండి, ఎలా పట్టుకున్నారు? ఓహో, అలా నెత్తి మీదకా. రెండో చేత్తో పరదా. అయితే కొరికిందెవరు? ఆయనా? మీ బన్ను ఆయన కొరికేసి, మీరు అరవబోతే మామగారు ఉష్ అన్నారా? మళ్లీ కొరుకుతాడేమోనని పైకెత్తి పట్టుకున్నారా? అందుకా చెయ్యి బయటికొచ్చింది?

ఇన్నేళ్ల తరవాత ఇప్పుడు తెలిసింది వదినా నాకు. ఆ మేనేజరు భార్య ఆ ఫోటోనే కట్టించి హాల్లో పెట్టుకుందట కదా, మిగతావాటిల్లో ఆయన ముఖం బ్యాంకు తాళంలా ఉందని, ఇందులోనే మనిషిలా ఉన్నాడని. బన్ను వాసన తగిలి నవ్వాడేమో పాపం.

నవ్వండి, నవ్వండి. నీళ్లు తాగుతారా? కన్ను తుడుచుకోండి, ఆ కంట నీరు కారితే మంచిదే, డాక్టరు చుక్కలు వేయమన్నాడుగా.

ఇక ఈ అట్ట దించేస్తాను, చేతులు లాగుతున్నాయి. ఇదిగో, ఇటు చూడండి, అట్ట వెనకాల నా బొటనవేలి కింద ఏముందో.

రిమోటు.

మీరు తిట్టేలోపు నన్ను చెప్పనివ్వండి. ఈ కొత్త కెమెరాకి చప్పుడుండదు. టక్ మనకపోతే అది ఫోటో ఎలా అవుతుందని మీ తమ్ముడికి ఇప్పటికీ నమ్మకం లేదు. కళ్ల ఫోకస్ దానంతటదే పట్టుకుంటుంది, మనిషి ఎటు కదిలినా వదలదు. మీరు కూర్చున్న దగ్గర్నుంచీ నొక్కుతూనే ఉన్నాను. బన్ను ఎవరిదో నాకు తెలియదా? పెళ్లయిన కొత్తలోనే మామగారు చెప్పారు. తప్పు చెబితే ఊరుకోరని, సరిదిద్దాలంటే మీకు రెండు చేతులూ కావాలని, అందుకే అలా చెప్పాను. నిన్న ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

కొట్టండి. భుజం మీద కొట్టండి, మోకాలు వద్దు.

ఇదిగో కెమెరా. మీ చేతికే ఇస్తున్నాను. చెత్తబుట్ట గుర్తు ఆ మూల బటన్ మీద ఉంది, మీకు వద్దనిపిస్తే అన్నీ చెరిపేయండి. నేను ఇంకోచోట దాచలేదు, బుల్లి మీద ఒట్టు. వేళ్లవీ, ఉంగరానివీ చాలా ఉన్నాయి, అవి దాటించండి. ఇంకా. ఇంకొంచెం. ఆ, అక్కడ ఆగండి.

నేను ఇంతసేపు వాగిన నీతులన్నీ నీళ్లపాలు, చూశారా. మీరు చెయ్యెత్తారు గనక దుప్పటి అంచు దాటిపోయి పక్కన బీరువా కనిపిస్తోంది. థర్మాకోల్ మూల ఒకటి లోపలికొచ్చింది. నెత్తి పైన కోసుకుపోయింది. నవ్వు ఒక పక్కకే వెళ్లింది, ఒక కన్ను చిన్నదైంది, ఇంకోటి పెద్దగానే ఉంది. చేతిలో లేని బన్ను పట్టుకుని మీ తమ్ముడి మీద మండిపడుతూ నవ్వుతున్నారు.

వదినా, ఇది మీరే. నీడ లేదు, ఏమీ లేదు. ఏడో క్లాసు నుంచి ఆ బన్ను మర్చిపోని మనిషి ఇంకెవరుంటారు?

మాట్లాడకండి, తొందరేం లేదు. చూసుకోండి.

బుల్లికి పంపనా?

పంపమన్నారా? నిజంగా తలూపారా, మెడ సవరించుకున్నారా? సరే, పంపేస్తున్నా, మనసు మార్చుకోకముందే. పోయింది. అయితే ఆదివారం దాని పక్కనే. వెనక వరసలో కుర్చీ అన్నయ్యగారికి వేద్దాం, నడుం నొప్పి ఆయనకే కదా.

ఏంటా వేలు? ఒకటి? ఒక షరతా? నన్నెందుకు చూపిస్తున్నారు? నేనా? నేను నిలబడాలా, మీతో? అదెలా కుదురుతుంది వదినా, తీసేది నేనే కదా. మీ తమ్ముడు తీస్తాడా? ఆయన తీస్తే తలలుండవు.

అబ్బ, ఆ గోడ మళ్లీ చూపించకండి. చెబుతాను, వినండి. మీరెటూ ఎవరితోనూ చెప్పరు. నా పెళ్లి ఫోటోలు చూశారు కదా, ఒక్కదాంట్లోనూ నోరు తెరవలేదు. అందరూ సిగ్గనుకున్నారు. సిగ్గు కాదు, ఈ పై పళ్లు. చిన్నప్పుడు మా బళ్లో నన్ను 'కొబ్బరి కోరాం' అనేవాళ్లు. ఈ ఇంటికొచ్చాక కెమెరా ఎందుకు నేర్చుకున్నాననుకున్నారు, కళ మీద మక్కువా? కెమెరా వెనకున్న మనిషిని ఎవరూ ఫోటో తీయరు. అందుకు. మామగారు 'కోడలికి ఎంత శ్రద్ధ' అని మురిసిపోయారు పాపం. మీరు నెల నుంచి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, నేను పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ డబ్బా అడ్డం పెట్టుకున్నాను. తేడా అంతే.

వద్దు వదినా, స్టూలు మీద నేనెందుకు, నాకు మోకాలు... సరే సరే, కూర్చున్నా, లాగకండి. మెల్లిగా, ఆ స్టాండు మెడ బరువెక్కువ. అబ్బో, మరచిపోలేదే, ఎత్తు సరిచేస్తున్నారు. దుప్పటి కూడానా. మామగారి కూతురు అనిపించుకున్నారు.

లేదు, చెయ్యి తీయను. మీరు తీశారా గంట నుంచి?

ఏమైంది, తీశారా? చప్పుడు లేదు కదా, నాకెలా తెలుస్తుంది. అయిందా, లేదా?

ఏమన్నారు?

మళ్లీ అనండి. వదినా, మాట్లాడారు మీరు. 'అయిపోయింది' అన్నారు, నేను విన్నాను. మధ్యలో కొంచెం గాలి పోతే పోనీండి, మాట మాటే. నెల తరవాత మొదటి మాట నాతో అన్నారు, బుల్లికి చెబితే కుళ్లుకుని చస్తుంది. ఇలా రండి ఒకసారి, నాకు ఏడుపూ నవ్వూ కలిసి...

ఎందుకు నవ్వుతున్నారు?

'అయిపోయింది' అన్నారు. మామగారి 'అయిపోయింది'.

ఆ బటన్ మీంచి చెయ్యి తీయండి వదినా.